పూటకూళ్లవాని పని ఎవరిది?

వార్డుల్లో ఉండి ఈ పత్రిక చదువుతున్న రోగులకు, వారికి తోడుగా వచ్చిన బంధువులకు, సంఘాల్లోని కుటుంబాలకు ఈ నెల ఒకే ఒక విషయం చెప్పదలిచాము.

మంచి సమరయుని కథ తెలియని క్రైస్తవ కుటుంబం ఉండదు. సండే స్కూల్లో పిల్లలు దానిని నాటికగా వేస్తారు. యెరికోకు వెళ్లే దారిలో దొంగలు కొట్టి పడవేసిన మనిషి, చూసి పక్కగా వెళ్లిపోయిన యాజకుడు, లేవీయుడు, ఆగి గాయాలు కట్టిన సమరయుడు. ఈ నలుగురిని గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాము. అయితే లూకా సువార్త 10వ అధ్యాయంలో ఆ కథ చివర ఇంకొక మనిషి ఉన్నాడు. అతడే పూటకూళ్లవాడు. అతని గురించి ప్రసంగం విన్నట్టు మాకు గుర్తు లేదు. అతడు ఏమి అన్నాడో కూడా వ్రాయబడలేదు.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. సమరయుడు ఆ గాయపడిన మనిషి దగ్గర ఉన్నది ఒక్క రాత్రే. మరునాడు రెండు దేనారములు చేతికిచ్చి, మిగిలిన ఖర్చు తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానని చెప్పి, తన ప్రయాణం సాగించాడు. కొనప్రాణంతో ఉన్న మనిషి ఒక్క రాత్రిలో లేచి నడవడు. ఆ తర్వాత కట్లు మార్చింది, గంజి కాచి ఇచ్చింది, బలం వచ్చేవరకు తన కప్పు కింద చోటిచ్చింది ఎవరు? పూటకూళ్లవాడే అయి ఉండాలి.

మేము చెప్పదలచినది ఇదే. రోగం కనిపెట్టడం, మందు మొదలుపెట్టడం ఆసుపత్రి చేయగల పని. అది దారిలో ఆగిన సమరయుని పని. ఆ తర్వాత నెలల తరబడి సాగే పని ఒకటుంది. దానిని ఆసుపత్రి చేయలేదు. ఇరుగుపొరుగువారు, సంఘము చేయాలి. వారు చేయకపోతే సమరయుడు పోసిన నూనె, ద్రాక్షారసం కూడా వృథా అవుతాయి. ఈ మాట ఎంత నిజమో క్షయ రోగం, అంటే టీబీ విషయంలో మాకు ప్రతిరోజూ కనిపిస్తోంది. అందుకే ఈ నెల ఆ రోగం గురించే వ్రాస్తున్నాము.

ఆరు నెలల పరీక్ష

ప్రపంచంలోని టీబీ రోగుల్లో ఇంచుమించు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఇది పాత రోజుల రోగమని, ఇప్పుడు లేదని అనుకునేవారు చాలామంది ఉన్నారు. అది పొరపాటు. రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం, రాత్రి చెమటలు, కఫంలో రక్తం పడడం – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కఫం పరీక్ష చేయించుకోవాలి. షుగరు ఉన్నవారు, పొగ త్రాగేవారు, మద్యం అలవాటున్నవారు, హెచ్‌ఐవీ ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి.

రోగం ఉన్నట్టు తేలితే భయపడవలసిన పని లేదు. మందులకు లొంగే మామూలు టీబీకి చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాల మందులు, రోగి బరువును బట్టి ప్రతిరోజూ వేసుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ మాత్రలు ఉచితం. క్రమంగా వాడినవారిలో అత్యధికులు పూర్తిగా బాగవుతారు.

చిక్కంతా ఆ “క్రమంగా” అన్న మాటలోనే ఉంది. మందు మొదలైన కొన్ని వారాలకే దగ్గు తగ్గుతుంది, జ్వరం పోతుంది, ఆకలి వేస్తుంది. రోగికి బాగైపోయినట్టు అనిపిస్తుంది. ఒంట్లో మాత్రం క్రిములు ఇంకా మిగిలే ఉంటాయి. ఆ దశలో మాత్రలు మానివేస్తే మిగిలిన క్రిములు మళ్లీ పెరుగుతాయి, కొన్నిసార్లు ఆ మందులకు లొంగని మొండి క్రిములుగా మారతాయి. అప్పుడు వైద్యం కష్టమవుతుంది. ఆ మొండి రోగం ఇంట్లోవారికి కూడా అంటుకోవచ్చు.

మాత్రలు ఎందుకు మానేశారని అడిగితే మొదట చెప్పే కారణాలు వేరుగా ఉంటాయి. కడుపులో తిప్పింది అంటారు, పనికి ఊరు వెళ్లాను అంటారు. కాసేపు పక్కన కూర్చుని మాట్లాడితే అసలు మాట బయటకు వస్తుంది. “ఎదురింటావిడ చూసిందమ్మా, వీధంతా చెప్పేసింది.” “ఇంటి ఓనరు గది ఖాళీ చేయమన్నాడు.” “మా అమ్మాయికి సంబంధం వచ్చింది, వాళ్లకు తెలిస్తే తప్పిపోతుందని ఆసుపత్రికి రావడం మానేశాను.” “కూడికలో నేను కూర్చున్న చాప మీదికి ఎవరూ రాలేదు, మరుసటి ఆదివారం నుంచి గుడికి పోవడం లేదు.”

ఈ చివరి మాట విన్నప్పుడు మా మనస్సు చివుక్కుమంటుంది. మిగిలినవి లోకం చేసిన పనులు. ఇది సంఘం చేసిన పని. ఎవరూ ఆ సోదరిని గద్దించలేదు, వెళ్లిపొమ్మని అనలేదు. యాజకుడు, లేవీయుడు కూడా గాయపడినవానిని ఏమీ అనలేదు. పక్కగా వెళ్లారు, అంతే.

ఎలా అంటుతుంది, ఎలా అంటదు

భయం తప్పు అని మేము అనడం లేదు. టీబీ అంటురోగమే. పిల్లలున్న తల్లి జాగ్రత్త పడడంలో పాపం ఏమీ లేదు. అయితే దేనికి భయపడాలో తెలిస్తే ప్రేమకు దారి దొరుకుతుంది.

ఊపిరితిత్తుల టీబీ ఉండి ఇంకా మందు మొదలుపెట్టని మనిషి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు క్రిములు గాలిలోకి వస్తాయి. గాలి ఆడని గదిలో అవి చాలాసేపు ఉంటాయి. ఎక్కువ కాలం అదే గదిలో ఉండేవారు ఆ గాలి పీల్చడం వల్ల రోగం సోకుతుంది. అలా సోకిన వారందరూ రోగులు కారు. నూటికి 5 నుండి 10 మందికి మాత్రమే జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు రోగం బయటపడుతుంది. ఒంట్లో శక్తి లేనివారికి ఆ ప్రమాదం ఎక్కువ.

కంచం వల్ల టీబీ అంటదు. గ్లాసు వల్ల అంటదు. కరచాలనం వల్ల, బట్టల వల్ల, రోగి కూర్చున్న కుర్చీ వల్ల, వాడిన బాత్‌రూం వల్ల అంటదు. ప్రభురాత్రి భోజనంలో పాత్ర ఒకరి నుండి ఒకరు అందుకోవడం వల్ల టీబీ వస్తుందన్న భయం కూడా అక్కరలేదు. మెడ దగ్గర గడ్డలుగా వచ్చే టీబీ, వెన్నుపూసకు వచ్చే టీబీ మామూలుగా ఇతరులకు అంటవు. వంశపారంపర్యంగా రాదు. శాపం వల్ల అసలే రాదు.

సరైన మందు మొదలైతే రోగి నుండి ఇతరులకు అంటే గుణం త్వరగా తగ్గిపోతుంది. సాధారణంగా రెండు వారాలు క్రమంగా వాడేసరికి ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. ఎవరికి ఎప్పుడు తగ్గిందో డాక్టరుగారు చెబుతారు. ఆ తొలి రోజుల్లో రోగి నోటికి మాస్కు లేదా రుమాలు అడ్డం పెట్టుకోవాలి, కిటికీలు తెరచిన గదిలో పడుకోవాలి, ఎక్కడబడితే అక్కడ ఉమ్మకూడదు. చంటిపిల్లలను కొద్దికాలం దూరంగా పడుకోబెట్టాలి.

దీని నుండి తేలేది ఒకటుంది. మన మధ్య ఎక్కువ ప్రమాదం కలిగించే రోగి ఎవరు? మాత్రలు మింగుతూ గుడికి వచ్చే సోదరుడు కాదు. దగ్గు ఉండీ, పేరు బయటపడుతుందేమోనన్న భయంతో పరీక్ష చేయించుకోని మనిషి. ఆ భయాన్ని అతనిలో పెట్టింది మన చూపులే. వెలి వేసే వీధిలో రోగం దాగి పెరుగుతుంది. ఆదరించే వీధిలో రోగం త్వరగా బయటపడి త్వరగా నయమవుతుంది. పొరుగువానిని ప్రేమించమన్న ఆజ్ఞ ఇక్కడ వైద్యశాస్త్రంతో చక్కగా కలిసిపోతుంది.

ఆరోగ్యవరం నుండి మద్రాసు వరకు

మన మిషన్ ఆసుపత్రుల చరిత్రలో దీనికి మంచి సాక్ష్యం ఉంది. నూరేళ్ల క్రితం టీబీకి మందు లేదు. రోగిని ఇంటి నుండి పంపివేసేవారు. వెళ్లడానికి చోటు లేదు. అటువంటి రోజుల్లో వేర్వేరు మిషన్లు కలిసి 1912లో మదనపల్లెలో క్షయ రోగుల కోసం యూనియన్ మిషన్ శానిటోరియం మొదలుపెట్టాయి. తర్వాత అది ఊరి బయట ఉన్న స్థలానికి మారింది. ఆ చోటికి ఆరోగ్యవరం అని పేరు వచ్చింది. డెన్మార్క్ దేశం నుండి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి పెద్ద డాక్టరు. మంచి గాలి, విశ్రాంతి, కడుపునిండా తిండి, ఓపికతో కూడిన సేవ – అప్పట్లో వారి చేతిలో ఉన్న మందులు ఇవే. ఇంటివాళ్లు వద్దనుకున్నవారికి ఒక మంచం, ఒక పేరు, ఒక పలకరింపు దొరికిన చోటు అది. ఒక విధంగా చెప్పాలంటే కొండల మధ్య కట్టిన పూటకూళ్ల ఇల్లు.

1940ల నుండి మందులు రావడం మొదలైంది. అప్పుడు ఒక ప్రశ్న పుట్టింది. రోగులు లక్షల్లో ఉన్నారు, మంచాలు వేలల్లోనే ఉన్నాయి. ఇంట్లోనే ఉంచి మందిస్తే నయమవుతుందా? ఇంట్లోవారికి అంటుకోదా? దీనిని తేల్చడానికి 1956లో మద్రాసులో ఒక పరిశోధన కేంద్రం ఏర్పడింది. నగరంలోని పేద కుటుంబాల రోగులను రెండు భాగాలు చేసి, కొందరికి శానిటోరియంలో, కొందరికి వారి ఇరుకు ఇళ్లలోనే ఒక ఏడాది మందులిచ్చారు. శానిటోరియంలో ఉన్నవారికి మంచి తిండి, పూర్తి విశ్రాంతి దొరికాయి. ఇంట్లో ఉన్నవారికి ఆ రెండూ తక్కువే. అయినా ఇంట్లో మందు వాడినవారు కూడా దాదాపు అంత బాగానే కోలుకున్నారు. ఈ సంగతి 1959లో ప్రకటించారు. కుటుంబ సభ్యులను ఆ తర్వాత ఏళ్ల తరబడి గమనించినా, రోగి ఇంట్లో ఉన్నందువల్ల వారికి అదనంగా ప్రమాదం కలిగినట్టు కనబడలేదు. ఆ ఫలితమే ప్రపంచమంతటా టీబీ వైద్యాన్ని ఆసుపత్రి మంచం నుండి ఇంటి గుమ్మానికి తెచ్చింది.

మనం గమనించవలసింది ఏమిటంటే, ఆ మద్రాసు రోగులను వదిలిపెట్టలేదు. కేంద్రం సిబ్బంది ఇళ్లకు వెళ్లి చూశారు. మాత్రలు వేసుకుంటున్నారో లేదో కనుక్కున్నారు. రానివారిని వెతుక్కుంటూ వెళ్లారు. ఇల్లు ఆసుపత్రితో సమానం కావాలంటే ఆ ఇంటి తలుపు తట్టే మనిషి ఉండాలి.

ఇప్పుడు ఆరోగ్యవరం వంటి చోట్లకు రోగులను పంపి సంవత్సరాలు ఉంచనక్కరలేదు. ఆ కొండల మధ్య ఉన్న పూటకూళ్ల ఇల్లు మన వీధిలోకి, మన పక్కింట్లోకి వచ్చింది. దానిని నడపవలసిన బాధ్యత కూడా మనకు వచ్చింది. ఇల్లు మారింది గాని బాధ్యత రద్దు కాలేదు.

కంచంలో ఉన్న మందు

సమరయుడు ఇచ్చిన రెండు దేనారములలో తిండి ఖర్చు కూడా ఉంది. టీబీ విషయంలో తిండి మందుతో సమానమని ఇటీవలి పరిశోధన ఒకటి రుజువు చేసింది. డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ, వారి తోటివారు కలిసి జార్ఖండ్‌లో చేసిన ఈ అధ్యయనం 2023లో ప్రచురితమైంది. టీబీ రోగులకు మందులతో పాటు నెలనెలా ఆహార సరుకులు ఇచ్చారు. కొన్ని ఇళ్లలో కుటుంబ సభ్యులకు కూడా ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పుదినుసులు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. అలా సరుకులు అందిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం సుమారు 39 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన రోగుల్లో మరణాలు కూడా బాగా తక్కువగా కనిపించాయి.

5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు. మన సంఘాల్లో క్రిస్మస్ విందుకు, పెళ్లి విందుకు, కృతజ్ఞత కూడికలకు మనం వండించే అన్నంతో పోలిస్తే ఇది ఎంత? ఒక కుటుంబం మీద పడకుండా పది కుటుంబాలు పంచుకుంటే ఒక్కొక్కరికి రోజుకు పిడికెడు బియ్యం కూడా పడదు. మన అమ్మమ్మల కాలంలో ప్రతిపూట పొయ్యి మీద ఎసరు పెట్టేముందు ఒక పిడికెడు బియ్యం దేవుని కోసం వేరే కుండలో వేసేవారు. ఆ పిడికెడు బియ్యపు అలవాటు కొన్ని స్త్రీల సమాజాల్లో ఇంకా ఉంది. ఆ కుండలోని బియ్యానికి ఇంతకన్నా మంచి చోటు ఏముంటుంది?

ప్రభుత్వం కూడా తన వంతు ఇస్తోంది. నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుండి టీబీ రోగికి చికిత్స కాలమంతా నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేసేవారు. 2024 నవంబరు నుండి దానిని 1000 రూపాయలు చేశారు. 2022లో మొదలైన నిక్షయ్ మిత్ర పథకం ద్వారా వ్యక్తులు, సంస్థలు, సంఘాలు కూడా రోగి ఒప్పుకుంటే అతనికి నెలనెలా ఆహారపు సరుకులు అందించవచ్చు. చాలామంది రోగులకు ఈ సంగతి తెలియదు. కొందరికి బ్యాంకు ఖాతా సరిగా లేక డబ్బు పడదు. చదువుకున్న యౌవనస్థుడు ఒక పూట తీరిక చేసుకుని పక్కింటి పెద్దాయనను బ్యాంకుకు తీసుకువెళితే అది కూడా పరిచర్యే.

కొందరు చెప్పే అభ్యంతరాలు

“ప్రార్థన చాలదా? మాత్రలు వేసుకుంటే విశ్వాసం లేనట్టు కాదా?” అని కొందరు అడుగుతారు. మేము ప్రార్థన చేసేవారమే. మందు ఇచ్చేముందు, ఇచ్చిన తర్వాత కూడా ప్రార్థిస్తాము. అయితే సమరయుడు గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోశాడు. అవి ఆ కాలపు మందులు. పౌలు కూడా తిమోతికి అతని కడుపు జబ్బు విషయంలో ప్రార్థనతో సరిపెట్టక వాడవలసినది ఏమిటో చెప్పాడు. స్వస్థత కూడికలో నిలబడి మాత్రలు పారవేసిన రోగులు కొందరు నెలల తర్వాత స్ట్రెచర్ మీద మా దగ్గరకు వస్తున్నారు. సంఘకాపరులకు చేతులు జోడించి మనవి చేస్తున్నాము. రోగి తల మీద చేయి ఉంచి ప్రార్థించండి. ఆ వెంటనే, “నేటి మాత్ర వేసుకున్నావా నాయనా?” అని అడగండి. మీ నోట వచ్చే ఆ ఒక్క ప్రశ్నకు మా పది సలహాలకన్నా ఎక్కువ బలం ఉంది.

“అతడు త్రాగుబోతు. చేసుకున్నదానికి మనమేం చేస్తాము?” అని మరికొందరు అంటారు. యెరికో దారి దొంగలకు పేరుపడిన దారి. ఒంటరిగా ఎందుకు వెళ్లావని సమరయుడు ఆ మనిషిని అడిగినట్టు కథలో లేదు. త్రాగుడు మానాలని మేము కూడా చెబుతాము. మద్యం, టీబీ మాత్రలు రెండూ కలిస్తే కాలేయం దెబ్బ తినవచ్చు. అయినా త్రాగేవానికి తోడు ఇంకా ఎక్కువ అవసరం. అతడు మాత్రలు మానితే అతని పిల్లలే మొదట బాధపడతారు.

“వారు మన సంఘంవారు కారు, మన మతంవారు కారు” అనేవారు కూడా ఉన్నారు. ఈ మాటకు జవాబు ఆ కథలోనే ఉంది. అందులో సహాయం చేసినవాడే పరాయివాడు. మన ప్రాంతపు చరిత్రలో కూడా అలాగే జరిగింది. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి నెలకొల్పారు. దానికి పెద్ద మొత్తంలో విరాళం ఇచ్చినవారు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఆయన తన కాలంలో సమరయుడై నిలిచాడు. మన మిషన్ ఆసుపత్రులు అన్ని మతాలవారి చేతుల మీద నిలిచాయి. వాటి వార్డుల్లో మంచాలు కులం, మతం అడగవు. వాటి సంఘాల గుమ్మాలు అడగడం న్యాయమా? సహాయం చేసి దానికి బదులుగా ఏదైనా ఆశించడం కూడా తగదు. సమరయుడు ఆ మనిషిని తన గుడికి రమ్మని అడగలేదు.

మనం చేయగల పనులు

పెద్ద పథకాలు, కమిటీలు అవసరం లేదు. ఏ చిన్న సంఘమైనా ఈ పనులు చేయగలదు.

మొదటిది, ప్రతి రోగికి ఒక తోడు మనిషి. రోజూ ఒకే వేళకు పలకరించి, మాత్ర వేసుకునేవరకు పక్కన ఉండే మనిషి. “బాబాయ్, మాత్ర అయిందా?” అని గుమ్మంలో నిలబడి అడిగే పక్కింటి కుర్రవాడైనా చాలు. ఇలా తోడుండడానికి ఆశా కార్యకర్తతో గాని, దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో టీబీ సిబ్బందితో గాని మాట్లాడితే పద్ధతి చెబుతారు.

రెండవది, గుట్టు కాపాడడం. ప్రార్థన మనవుల్లో రోగి పేరు, జబ్బు పేరు గట్టిగా చదవకండి. రోగి తానుగా చెప్పుకుంటే వేరు. ప్రేమతో చేసిన ప్రకటన అయినా ఆ ఇంట్లో పెళ్లికెదిగిన పిల్లకు దెబ్బ కావచ్చు. దేవునికి పేరు చెప్పడానికి మైకు అక్కరలేదు.

మూడవది, కూర్చునే చోటు. డాక్టరు ఫరవాలేదన్న తర్వాత కూడా ఎవరూ పక్కన కూర్చోకపోతే రోగి మరి రాడు. సంఘ పెద్దలు, పాస్టరమ్మగారు మొదట వెళ్లి ఆ చాప మీద కూర్చోవాలి. పెద్దలు కూర్చుంటే మిగిలినవారు కూర్చుంటారు. గుడి కిటికీలు తెరచి ఉంచండి. అది అందరి ఆరోగ్యానికీ మంచిది.

నాలుగవది, ఇంట్లోవారి పరీక్ష. రోగితో కలిసి ఉండే ప్రతి ఒక్కరికీ పరీక్ష జరగాలి. రోగం లేనివారికి, ముఖ్యంగా ఐదేళ్లలోపు పిల్లలకు, రోగం రాకుండా మందు ఇస్తారు. రోజు కూలీ పోతుందని చాలామంది రారు. ఆ ఒక్క రోజు కూలీ, బస్సు చార్జీ సంఘం ఇస్తే ఒక కుటుంబం కాపాడబడుతుంది.

అయిదవది, ఒంట్లో మార్పులు కనిపెట్టడం. మూత్రం నారింజ రంగులో వస్తే భయపడవద్దు, అది మందు రంగు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మందగించినా, కాళ్లు తిమ్మిర్లు ఎక్కినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి. తమంతట తాము మాత్రలు మానివేయకుండా డాక్టరుకు చూపించమని చెప్పండి.

మంచం మీద ఉన్న సోదర సోదరీలకు

ఈ పత్రిక చదువుతున్న మీలో కొందరు ఇప్పుడే టీబీ అని విని ఉంటారు. మీకు ఒక మాట. మీరు ఎవరికీ భారం కారు. గాయపడిన మనిషి తనను మోస్తున్న గాడిదకు క్షమాపణ చెప్పుకోలేదు. సేవ అందుకోవడం కూడా దేవుడు కొన్ని రోజులు మనకిచ్చే పని. ఇంట్లోవారికి నిజం చెప్పండి. మాస్కు పెట్టుకోవడానికి సిగ్గుపడకండి, మీరు మీ పిల్లల పట్ల చూపే ప్రేమ అది. ఒక రోజు మాత్ర మరచిపోతే దాచకండి, మరునాడే వచ్చి చెప్పండి. మిమ్మల్ని కోప్పడేవారు ఇక్కడ ఎవరూ లేరు. పనికోసం హైదరాబాదు వెళ్లినా, చెన్నై వెళ్లినా ముందుగా మాకు చెబితే మీ మందులు అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చే ఏర్పాటు చేయవచ్చు. ఆరు నెలలు ఎక్కువ అనిపిస్తుంది. కాని ఒక పంట కాలం కన్నా కొంచెమే ఎక్కువ.

సంఘ కుటుంబాలకు మా చివరి మనవి. ఈ ఆదివారం ఆరాధన ముగిసి ఇంటికి వెళ్లేటప్పుడు మీ వీధిలో ఎవరు ఎక్కువ కాలంగా దగ్గుతున్నారో, ఎవరు కొన్ని వారాలుగా గుడికి రావడం లేదో గుర్తుచేసుకోండి. వారి గుమ్మం తొక్కండి. మంచినీళ్లు ఇస్తే త్రాగండి. వారి గ్లాసుతో త్రాగితే మీకు ఏమీ కాదని పైన చెప్పాము. ఆ ఒక్క గ్లాసు నీళ్లు త్రాగడం వల్ల ఆ ఇంట్లోవారికి కలిగే ధైర్యం మా ఫార్మసీలో దొరకదు. తర్వాత వారిని పరీక్షకు తీసుకురండి. మేము చేయవలసినది మేము చేస్తాము. తిరిగి ఇంటికి పంపినప్పుడు వారిని అందుకోవడానికి మీరు ఉండండి.

పేరు కూడా వ్రాయబడని ఆ పూటకూళ్లవానికి వచ్చిన పిలుపే ఈ రోజు మనకూ వచ్చింది. దానికి తగిన ఓపికను, ప్రేమను దేవుడు మనకందరికీ అనుగ్రహించి, ఈ ప్రాంతంలో ప్రతి రోగి ఇంటినీ ఆరోగ్యవరంగా చేయును గాక. ఆమేన్.